పొత్తా, కోరా? ఆర్ట్ కాలేజీ - నల్లజాతి బస్తీ: బాల్టిమోర్ అనుభవం

పల్లెలో పెరిగిన వాళ్ళకి పొత్తు అనే మాట కొత్త కాదు. ఎడ్లు ఒకరివి, అరక ఇంకొకరిది, పని ఇద్దరిదీ అయితే అది పొత్తు సేద్యం. భూమి ఒకరిది, చెమట మరొకరిది అయితే దాన్ని కోరు అంటారు. రెంటిలోనూ పంట పంచుకోవడమే జరుగుతుంది. అయితే కొలిచే మానిక ఎవరి చేతిలో ఉందనే దాంట్లోనే తేడా అంతా ఉంది.

కాలేజీలు, బస్తీ సంఘాలు కలిసి పనిచెయ్యడానికి ఇవాళ 'భాగస్వామ్యం' అని పెద్ద పేరు పెట్టారు. ఆర్ట్ కాలేజీ విద్యార్థులు వాడకొచ్చి పిల్లలకి బొమ్మలు నేర్పుతారు. గోడల మీద చిత్రాలు వేస్తారు. పాత ఫొటోలు పోగుచేసి ప్రదర్శన పెడతారు. ఇదంతా మంచిదేనని అందరూ ఒప్పుకుంటారు. మంచిదే. కాని మంచిపని అనగానే ఊరుకోకుండా, అది ఎవరి నిర్ణయంతో, ఎవరి సొమ్ముతో, ఎవరి పేరు మీద జరుగుతోందని అడగాలన్నది మన ఉద్యమం మనకి నేర్పిన మొదటి పాఠం. ఆ ప్రశ్నని అమెరికాలోని బాల్టిమోర్ నగరం ముందు పెట్టి చూడ్డమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్టిమోరే ఎందుకు? నల్లజాతి పోరాటాలకీ మన పోరాటాలకీ మధ్య చూపులు కలవడం ఎప్పటినుంచో ఉన్నదే. 1873లో ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకి అంకితం ఇచ్చాడు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. కులమూ జాతివివక్షా ఒకటేనని నేను వాదించడం లేదు. కాని చదువు తలుపు మూసే పద్ధతిలోనూ, తెరిచాక కూడా మనిషిని గడప దగ్గరే నిలబెట్టే పద్ధతిలోనూ పోలికలు చాలా ఉన్నాయి. బాల్టిమోర్‌లో ఒకే కాలేజీ 59 ఏళ్ళపాటు నల్లవాళ్ళని బయట ఉంచింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి నల్లవాళ్ళ బస్తీలతో కలిసి పనిచెయ్యడాన్నే పాఠ్యాంశం చేసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే అక్కడి పొత్తు అర్థమవుతుంది.

పనివాళ్ళ కోసం పుట్టి, తెల్లవాళ్ళకే మిగిలి

ఆ కాలేజీ పేరు ఇప్పుడు మేరీలాండ్ ఇన్‌స్టిట్యూట్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్. పొట్టిగా మైకా అంటారు. 1826లో పుట్టినప్పుడు దాని పేరులోనే యంత్రకళల ప్రోత్సాహం అనే మాట ఉంది. అంటే చేతిపనివాళ్ళకి, వృత్తిపనివాళ్ళకి గీత, కొలత, నమూనా నేర్పడం కోసం పెట్టిన సంస్థ అది. నగరపాలక సంస్థ దానికి డబ్బు ఇచ్చేది. అందుకు బదులుగా నగర కౌన్సిలర్లకి విద్యార్థుల పేర్లు పంపే హక్కు ఉండేది.

1890లో హ్యారీ కమింగ్స్ అనే నల్లజాతి న్యాయవాది బాల్టిమోర్ కౌన్సిల్‌కి ఎన్నికయ్యాడు. ఆ కౌన్సిల్‌లో కూర్చున్న మొదటి నల్లవాడు అతనే. 1891లో తన హక్కు వాడుకుని హ్యారీ ప్రాట్ అనే నల్లజాతి విద్యార్థి పేరు పంపాడు. ప్రాట్‌కి సీటు వచ్చింది. దాంతో తెల్ల విద్యార్థులు చాలామంది కాలేజీ మానేశారు. రాబడి తగ్గింది. 1895లో యాజమాన్యం ఇకముందు తెల్లవాళ్ళనే చేర్చుకుంటామని తీర్మానం చేసింది. ఒక్క విద్యార్థి వచ్చి కూర్చుంటే తలుపుకి తాళం పడింది.

రాబర్ట్ క్లార్క్ అనే యువకుడి పేరు మళ్ళీ కౌన్సిల్ తరఫున వెళ్ళింది. కాలేజీ నిరాకరించింది. అతను కోర్టుకెక్కాడు. 1898లో మేరీలాండ్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కాలేజీ పక్షాన తీర్పు చెప్పింది. వేరుగా ఉంచడం తప్పుకాదని అమెరికా సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో చెప్పి అప్పటికి రెండేళ్ళే అయింది. అయితే క్లార్క్ కేసులో ప్రధానమైన వాదన ఇంకొకటి. ఇది ప్రైవేటు సంస్థ, తనకి ఇష్టమైన వాళ్ళని చేర్చుకుంటుంది అన్నదే ఆ వాదన. మళ్ళీ 50 ఏళ్ళకి, 1948లో, లియాన్ నారిస్ అనే నల్లజాతి అభ్యర్థి ఫెడరల్ కోర్టుకి వెళ్ళాడు. కాలేజీకి ప్రజల సొమ్ము ముడుతోంది కాబట్టి సమానత్వ సూత్రం దానికి వర్తించాలన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. ప్రైవేటు సంస్థే అంది. చివరికి 1954లో, బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో చెప్పిన సంవత్సరంలో, తలుపు తెరుచుకుంది. కాలేజీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది మాత్రం 2020లో. తలుపు తెరవడానికీ క్షమాపణకీ మధ్య 66 ఏళ్ళు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సొమ్ము ప్రజలది, పెత్తనం ప్రైవేటుది అనే ఏర్పాటు మనకి తెలియంది కాదు. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకి వీలు కల్పిస్తూ 15(5) అధికరణం రాజ్యాంగంలోకి రావడానికి 93వ సవరణ, 2005 చట్టం దాకా ఆగాల్సివచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని ప్రైవేటు అన్ఎయిడెడ్ సంస్థల విషయంలో సమర్థించింది 2014లో. కాబట్టి ఏ కాలేజీ అయినా బస్తీతో పొత్తు అన్నప్పుడు ముందు చూడాల్సింది దాని గోడ మీది చిత్రాన్ని కాదు, దాని అడ్మిషన్ రిజిస్టరుని.

బొంత గ్యాలరీ ఎక్కిన తీరు

తలుపు తెరుచుకున్నాక లోపలికెళ్ళిన వాళ్ళలో జాయిస్ స్కాట్ ఒకరు. 1948లో బాల్టిమోర్‌లో పుట్టి, 1970లో మైకాలో డిగ్రీ తీసుకున్నారు. పూసలతో శిల్పాలు చేస్తారు. జాతిహింస మీదా, ఆడవాళ్ళ మీద హింస మీదా సూటిగా మాట్లాడే శిల్పాలు అవి. 2016లో ఆమెకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

అయితే జాయిస్‌కి మొదటి గురువు కాలేజీలో దొరకలేదు, ఇంట్లోనే ఉంది. తల్లి ఎలిజబెత్ టాల్‌ఫోర్డ్ స్కాట్ 1916లో దక్షిణ కెరొలైనాలో పుట్టింది. వాళ్ళ కుటుంబం కోరుకి సేద్యం చేసుకునే కుటుంబం. పెద్దలు బానిసలుగా బతికిన నేల మీదే ఆ సేద్యం. 1940లో ఆమె బాల్టిమోర్ వచ్చింది. తెల్లవాళ్ళ ఇళ్ళలో వంట చేసింది, పిల్లల్ని పెంచింది. ఇంటికొచ్చాక బొంతలు కుట్టింది. మన అమ్మలు, అమ్మమ్మలు పాత చీరలతో కుట్టే బొంతకి వాళ్ళ దగ్గర క్విల్ట్ అని పేరు. ఎలిజబెత్ బొంతల్లో గుడ్డపీలికలే కాదు, బొత్తాలు, పూసలు, గవ్వలు, రాళ్ళు కూడా కుట్టి ఉంటాయి.

1998లో ఆ బొంతలతో మైకాలో పెద్ద ప్రదర్శన జరిగింది. దాన్ని నడిపింది జార్జి సిస్కిల్ అనే క్యూరేటరూ, ఆయన దగ్గర చదువుకుంటున్న విద్యార్థులూ. సిస్కిల్ 1989లో బాల్టిమోర్‌లో 'కంటెంపరరీ' అనే మ్యూజియం పెట్టినవాడు. 1992లో ఆ మ్యూజియమే నల్లజాతి కళాకారుడు ఫ్రెడ్ విల్సన్‌ని తీసుకొచ్చి, మేరీలాండ్ చరిత్ర పరిషత్తు గోదాముల్లో పడివున్న బానిస సంకెళ్ళని వెండిపాత్రల పక్కన పెట్టించింది. రెంటినీ కలిపి 'లోహపు పనితనం' అనే శీర్షిక కింద చూపించారు. వెండిపాత్ర ఎవరి చెమటతో మెరిసిందో చెప్పడానికి ఇంకో వాక్యం అక్కర్లేకపోయింది. సిస్కిల్ ఆ పద్ధతినే తరగతి గదిలోకి తెచ్చాడు. ఒక ప్రదర్శన తయారవడానికి కావలసిన పనంతా, అంటే పరిశోధన, గోడ మీది రాతలు, బడిపిల్లలకి పాఠాలు, ప్రచారం, విద్యార్థులే పంచుకుని చేస్తారు. నేర్చుకోవడం అంటే అక్కడ ఆ పని చెయ్యడమే.

ఈ ప్రదర్శనలో మనకి పనికొచ్చే విషయం ఒకటుంది. కాలేజీ ఇక్కడ ఎలిజబెత్‌కి కళ నేర్పడానికి వెళ్ళలేదు. ఆమె దగ్గర నేర్చుకోవడానికి విద్యార్థుల్ని పంపింది. ఆమె పేరు ప్రదర్శన పేరులో ఉంది. బొంతల్ని పేరులేని 'జానపద కళ' అనే గంపలో పడెయ్యలేదు. ఎవరు కుట్టారు, ఎక్కడ పుట్టింది, ఎవరి ఇళ్ళలో పనిచేసింది అనేవి కళకి బయటి సంగతులు కావని చూపించారు. 2011లో ఆమె చనిపోయింది. 2023లో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ ఆమె బొంతల్ని మళ్ళీ ప్రదర్శించింది. కూతురు చదువుకోవడానికి కాలేజీలో చేరిన చాలా ఏళ్ళకి తల్లి పనితనం అదే కాలేజీకి పాఠం అయ్యింది. మొదటితరం చదువుకున్న వాళ్ళకి ఇందులో చాలా అర్థం ఉంది. మన ఇంట్లో ఉన్నది విద్యేనని కాలేజీ చేత ఒప్పించడం కూడా చదువులో భాగమే.

ఏడాది పొత్తు

1998 ప్రదర్శన వంటివి అప్పుడప్పుడు జరిగే పనులు. వాటితోపాటు బస్తీ సంఘాలతో ఏడాది పొడవునా పనిచేసే ఏర్పాటు కూడా మైకాలో పెరిగింది. 2000 తర్వాత సముదాయ కళల్లో మాస్టర్స్ డిగ్రీ పెట్టారు. పద్ధతి ఇది: విద్యార్థిని ఒక బస్తీ సంఘానికి పంపేవారు. అతను అక్కడి పిల్లలతోనో ముసలివాళ్ళతోనో పనిచేసేవాడు. ఖర్చుకి అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సేవాపథకం నుంచి భత్యం వచ్చేది. సంఘానికి ఒక మనిషి సాయం దొరికేది, విద్యార్థికి అనుభవం, కాలేజీకి పేరు.

ఇట్లాంటి పొత్తుతో పెరిగిన వాటిలో జూబిలీ ఆర్ట్స్ ఒకటి. అది పశ్చిమ బాల్టిమోర్‌లో పెన్సిల్వేనియా ఎవెన్యూ మీద ఉంది. ఒకప్పుడు బిల్లీ హాలిడే లాంటి వాళ్ళు పాడిన రాయల్ థియేటర్ ఆ వీధిలోనే ఉండేది. 1971లో దాన్ని కూల్చేశారు. వీధి పాడుబడింది, ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ వీధిలో మత్తుమందుల నుంచి బయటపడే ఆడవాళ్ళకి నీడ ఇవ్వడంతో మొదలైన ఒక స్థానిక సంస్థ, మైకాతో కలిసి జూబిలీ ఆర్ట్స్ నడిపింది. పిల్లలకి నాట్యం, చిత్రకళ, వస్తువులు తయారుచేసి అమ్ముకోవడం నేర్పుతారు. 2015 ఏప్రిల్‌లో పోలీసుల కస్టడీలో గాయపడి చనిపోయిన ఫ్రెడ్డీ గ్రే ఆ చుట్టుపక్కల శాండ్‌టౌన్ కుర్రవాడే. అప్పుడు నగరమంతా అట్టుడికింది. టీవీ బండ్లు వచ్చాయి, పోయాయి. కాని ఆ పిల్లలతో రోజూ కూర్చునే చోటు ఒకటి వీధిలో అంతకుముందు నుంచే ఉంది.

ఈ పొత్తు నిలబడ్డానికి కారణం చూడండి. భవనం కాలేజీది కాదు. పిల్లల పేర్లు, ఇళ్ళు తెలిసిన సిబ్బంది కాలేజీ వాళ్ళు కారు. కాలేజీ వచ్చి చేరింది. స్థానిక సంస్థ ముందునుంచే అక్కడుంది. ఇదే తిరగబడితే ఏమవుతుంది? కాలేజీ క్యాలెండరుకి సెమిస్టర్లుంటాయి. బస్తీకి సెమిస్టర్ ఉండదు. మే నెలలో విద్యార్థికి మార్కులు పడతాయి, ఆ పిల్ల మాత్రం జూన్‌లో కూడా గుమ్మంలో ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకని కాలేజీ ఎంతమందిని పంపిందన్న లెక్క చాలదు. వాళ్ళు వెళ్ళాక పని నడిపే మనిషి బస్తీలో ఉన్నాడా, అతనికి జీతం ఉందా అని అడగాలి.

88 ఎకరాలు

ఇప్పుడు నగరానికి తూర్పువైపు వెళ్దాం. అక్కడ కళకన్నా పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. తూర్పు బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పక్కన మిడిల్ ఈస్ట్ అని నల్లవాళ్ళ పేట ఉండేది. 2000 తర్వాత మొదటి దశాబ్దంలో అక్కడ 88 ఎకరాల్లో 'పునర్నిర్మాణం' మొదలుపెట్టారు. నగరపాలక సంస్థ, హాప్కిన్స్, కొన్ని ధర్మనిధులు కలిసి పెట్టిన పథకం అది. 700 పైగా కుటుంబాలు ఇళ్ళు వదిలి పోవాల్సివచ్చింది. పేటవాళ్ళు 'సేవ్ మిడిల్ ఈస్ట్ యాక్షన్ కమిటీ' అని సంఘం కట్టారు. ఇళ్ళకి మెరుగైన నష్టపరిహారం కోసం, కూల్చేటప్పుడు విషపు ధూళి లేవకుండా జాగ్రత్తల కోసం కొట్లాడి కొంత సాధించారు. పథకాన్ని ఆపలేకపోయారు.

2010లో మైకా ఈ ప్రాంతంలోనే ఒక పాత కాథలిక్ బడి భవనంలో తన కేంద్రం తెరిచింది. సముదాయ కళల చదువుని అక్కడికి తెచ్చింది. ఇళ్ళు కూల్చింది కాలేజీ కాదు. అక్కడ పనిచేసిన విద్యార్థుల చిత్తశుద్ధిని అనుమానించాల్సిన పనీ లేదు. అయినా ఆలోచించాల్సిన విషయం ఉంది. ఒక పేటలో వందల కుటుంబాలు వెళ్ళిపోవాల్సి వచ్చిన తర్వాత మిగిలిన వాళ్ళతో కలిసి కళ చెయ్యడానికి వస్తే, ఆ కళ ఎవరి గురించి? గోడ మీద రంగు పడితే ఇంటి ధర పెరుగుతుంది. ధర పెరిగితే అద్దెకున్న వాడు ముందు కదుల్తాడు. కళాకారులు ముందొచ్చి, కాఫీహోటళ్ళు తర్వాతొచ్చి, పాతవాళ్ళు చివరికి పోవడం అమెరికా నగరాల్లో చాలాచోట్ల జరిగిందే. కాబట్టి నేల ప్రశ్న తేలకుండా కళ ప్రశ్న తేలదు. వెలివాడ పక్కన భూమికి రేటు పెరిగినప్పుడు ఏం జరుగుతుందో మన వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చికాగోలో పదిసెంట్ల ఇల్లు

మరి నేల తమదే అయితే? దానికి ఉదాహరణ అదే దేశంలో చికాగోలో ఉంది. దక్షిణ చికాగోలో నల్లవాళ్ళ పేటలో 1940లో సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ మొదలైంది. కరువురోజుల్లో నిరుద్యోగులకి పని చూపించడానికి అమెరికా ప్రభుత్వం పెట్టిన పనుల పథకం కింద కళాకారులకీ జీతాలిచ్చారు. మరమ్మతులకి, టీచర్ల జీతాలకి ఆ పథకం డబ్బులొచ్చాయి. ఇల్లు మాత్రం పేటవాళ్ళే కొనుక్కోవాలి. వాళ్ళు పది సెంట్ల నాణేల చందా ఉద్యమం నడిపారు. వీధి మూలల్లో డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. అట్లా నిలబడ్డ వాళ్ళలో మార్గరెట్ బరోస్ ఒకరు. ఆమె చికాగోలోని స్కూల్ ఆఫ్ ద ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుంది, తర్వాత 1961లో నల్లజాతి చరిత్రకి ఒక మ్యూజియం కూడా పెట్టింది.

చిత్రకారుడు చార్లెస్ వైట్ కూడా ఆ కేంద్రం మనిషే. అతనికి ముందు రెండు ఆర్ట్ స్కూళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చి, నల్లవాడని తెలిశాక వెనక్కి తీసుకున్నాయి. చివరికి స్కూల్ ఆఫ్ ద ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చోటు దొరికింది. కేంద్రం లోపలి గదుల్ని తీర్చిదిద్దింది 'న్యూ బౌహౌస్' అనే డిజైన్ స్కూలుకి చెందిన ఇద్దరు తెల్లవాళ్ళు. 1941లో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభోత్సవం చేసింది. ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్ అక్కడి డార్క్‌రూమ్‌లో పనిచేశాడు. కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ అక్కడి కవితా తరగతులకి వచ్చేది.

ఆ తర్వాత యుద్ధకాలంలో ప్రభుత్వం పథకాన్ని మూసేసింది. దేశంలో అట్లా తెరిచిన కేంద్రాలు చాలా మూతపడ్డాయి. చికాగో కేంద్రం మూతపడలేదు. అదే ఇంట్లో ఇవాళ్టికీ నడుస్తోంది. ఎందుకు నిలిచింది? దస్తావేజు పేటవాళ్ళ పేరు మీద ఉంది కాబట్టి. ఆర్ట్ స్కూళ్ళ నుంచి మనుషులొచ్చారు, నైపుణ్యం వచ్చింది, ప్రభుత్వం డబ్బు వచ్చింది. అన్నీ వచ్చి ఆ ఇంట్లో చేరాయి. వెళ్ళేవి వెళ్ళిపోయినా ఇల్లు మిగిలింది. బాల్టిమోర్ తూర్పుపేటకీ దక్షిణ చికాగోకీ తేడా ఇదే.

సంతకం పెట్టేముందు

నాలాగా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్ళు రెండువైపులా నిలబడి ఉంటారు. వాడకి మనం కాలేజీ మనుషులం, కాలేజీకి వాడ మనుషులం. పొత్తు మాట వచ్చినప్పుడు మధ్యవర్తిగా ముందు పిలిచేది మనల్నే. అందుకని ఈ అనుభవాల్లోంచి కొన్ని ప్రశ్నలు తీసి ఇక్కడ పెడుతున్నాను. సంఘాల్లో చర్చించండి.

ఒకటి, పని ఎవరు ఎంచుకున్నారు? కాలేజీ ప్రాజెక్టు రాసుకుని వచ్చాక వాడ చేత తలూపించడం సంప్రదింపు అనిపించుకోదు.

రెండు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? కాలేజీ ఖాతాలో పడితే లెక్క వాడకి చూపిస్తారా?

మూడు, మన కళాకారుడికి ఇచ్చేది జీతమా, శాలువానా? డప్పు కొట్టే వాడిని, చిందు ఆడే ఆమెని ప్రదర్శనకి పిలవడం ఒకటి. పాఠం చెప్పే అధ్యాపకులుగా, అదే గౌరవంతో, అదే జీతంతో పిలవడం ఇంకొకటి.

నాలుగు, పేరు ఎవరిది? తీసిన ఫొటో, రికార్డు చేసిన పాట, అచ్చువేసిన పుస్తకం ఎవరి దగ్గర ఉంటాయి? ఒక ప్రతి వాడలో ఉంటుందా? ఎలిజబెత్ స్కాట్ పేరు ఆమె బొంతల మీద ఉన్నట్టు మన వాళ్ళ పేర్లు ఉంటాయా?

ఐదు, సెమిస్టర్ అయిపోయాక ఏమిటి? నడిపే మనిషిని వాడలోంచే తయారుచేస్తున్నారా?

ఆరు, వాడ పిల్లలకి ఆ కాలేజీలో సీటు ఉందా? మన గోడకి రంగు వేసే కాలేజీలో మన పిల్లలు ఎందరు చదువుతున్నారు, మన వాళ్ళు ఎందరు పాఠం చెబుతున్నారు? 1891లో కమింగ్స్ ఒక్క పేరు పంపినప్పుడు వేసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు లేని చోట మిగతా ఆరింటికీ మంచి జవాబులొచ్చినా అది కోరు సేద్యమే.

ఏడు, నేల ఎవరిది? ఇల్లు, గది, చెట్టుకింది అరుగు, ఏదైనా సరే, పని జరిగే చోటు సంఘం చేతిలో ఉందా?

ఈ ప్రశ్నలు అడిగితే కాలేజీలు రావని భయపడేవాళ్ళుంటారు. బాల్టిమోర్ చెప్పేది వేరు. అడగనప్పుడు కూడా కాలేజీలు వచ్చాయి, తమ పద్ధతిలో వచ్చాయి. గట్టి స్థానిక సంస్థ ఉన్నచోట పొత్తు పొత్తుగా నడిచింది. టీచర్లు తమ కాలేజీ పాఠ్యప్రణాళిక సంఘాల్లో ఇట్లాంటి ప్రశ్నలు ఎత్తొచ్చు. విద్యార్థులు తమ ప్రాజెక్టు కాగితాలు ముందు వాడలో చదివి వినిపించొచ్చు. కార్యకర్తలు చెయ్యాల్సింది ఇంకా సులువైంది. ఒప్పందం కాగితం తెలుగులో రాయించండి. పదిమందిని కూర్చోబెట్టి చదివించండి, చదవడం రాని వాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళకి అర్థమై, వాళ్ళు సరేనన్నాకే సంతకం.